పాత సామాన్ల దుకాణంలో కొనడం, అమ్మడం, మార్చుకోవడం ఎలా: సమగ్ర మార్గదర్శి

అద్దె ఇంటికి మారుతున్నవారు, పిల్లలను చదువు కోసం హైదరాబాదు పంపుతున్న తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. సెకండ్ హ్యాండ్ షాపులో మోసపోకుండా సరుకు తెచ్చుకోవడం ఎలా? చాలామంది బేరం ఎలా ఆడాలో చెప్పమంటారు. నిజానికి బేరం చివరి మెట్టు మాత్రమే. ముందు కొలవాలి, తరువాత చూడాలి, ఆపైన పరీక్షించాలి, ఆ తరువాతే ధర అడగాలి. ఈ వరుస తప్పినవారే ఎక్కువగా నష్టపోతారు. ఇక్కడి ఉదాహరణలు ఎక్కువగా హైదరాబాదువి, అయితే పద్ధతి ఏ ఊరి దుకాణానికైనా వర్తిస్తుంది.

1. ఏది పాతది కొనవచ్చో ఇంట్లోనే తేల్చుకోండి

టేకు మంచం, ఇనుప బీరువా, రాతబల్ల, ఇత్తడి పాత్రలు, పుస్తకాలు, సైకిలు వంటివి పాతవైనా నిశ్చింతగా కొనవచ్చు, ఎందుకంటే వాటి లోపాలు కంటికి కనిపిస్తాయి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఫోన్ వంటివి పరీక్షించే ఓపిక ఉంటేనే కొనాలి. పరుపు, దిండు, హెల్మెట్, ప్రెషర్ కుక్కర్, గ్యాస్ రెగ్యులేటర్, గ్యాస్ గొట్టం మాత్రం ఎంత చౌకగా వచ్చినా వదిలేయాలి. పరుపులో నల్లులు దాగి ఉంటాయి, ఒకసారి దెబ్బతిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా తలను కాపాడలేదు, మిగిలినవాటిలో ప్రమాదం వేరే చెప్పనవసరం లేదు.

ఎంచుకున్న వస్తువు కొత్తది ఎంత ఉందో బయలుదేరే ముందు కనుక్కోండి. దుకాణంలో తెలుసుకోవచ్చులే అని వెళితే, దుకాణదారుడు చెప్పిందే కొత్త ధర అవుతుంది.

2. కొలతలు, చేతిసంచి

ఒకసారి నేను ఆరున్నర అడుగుల బీరువా కొని, రెండో అంతస్తు మెట్ల మలుపులో అది ఇరుక్కుపోయి, ఎక్కించినందుకూ దించినందుకూ హమాలీలకు రెండుసార్లు కూలి ఇచ్చాను. గదిలో పట్టేలా కొలిచాను గానీ దారి కొలవలేదు. అందువల్ల వస్తువు నిలబడే చోటుతో పాటు గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు, లిఫ్ట్ లోపలి ఎత్తు కూడా కాగితం మీద రాసుకోండి.

వెంట తీసుకెళ్లవలసినవి:

- కొలత టేపు, కొలతలు రాసిన కాగితం
- చిన్న అయస్కాంతం
- టార్చి (ఫోన్ వెలుగు సరిపోతుంది, అయితే రెండు చేతులూ ఖాళీగా ఉండవు)
- దబ్బనం లేదా లావుపాటి సూది
- కరెంటు టెస్టర్
- ఫోన్ కొనేవారికి పనిచేసే సిమ్, ఛార్జర్, ఇయర్‌ఫోన్
- చిల్లర నోట్లతో నగదు

వీలైతే వెంట ఒక మనిషిని తీసుకువెళ్లండి. మంచం ఎత్తి కింద చూడడానికి ఒక్కరి చేతులు చాలవు.

3. ఎక్కడికి, ఎప్పుడు

పాత పుస్తకాలకు కోఠి దుకాణాలు, ఆదివారం అబిడ్స్‌లో మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాలు, విజయవాడలో లెనిన్ సెంటర్ తెలిసిన చోట్లే. ఫోన్లకు అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్, కంప్యూటర్లకు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉన్నాయి. ఎర్రగడ్డలో ఆదివారం, జుమ్మెరాత్ బజార్‌లో గురువారం రకరకాల పాత సరుకు పరుస్తారు. జుమ్మెరాత్ అంటేనే గురువారం. పెద్ద ఫర్నిచర్‌కు, ఫ్రిజ్‌లకు మాత్రం ఇలాంటి సంతల కంటే మీ పేటలోనే స్థిరంగా నడిచే దుకాణం మేలు. సంతలో అమ్మినవాడు మరుసటి వారం అదే చోట కనిపిస్తాడన్న భరోసా లేదు, పైగా బండి కిరాయి కూడా పెరుగుతుంది.

నెలాఖరులో ఇళ్లు ఖాళీ అవుతాయి గనుక నెల మొదటి వారంలో దుకాణాల్లో సరుకు నిండుగా ఉంటుంది. దసరా, దీపావళి ఎక్స్ఛేంజ్ అమ్మకాలు ముగిశాక కొత్తవాటికి బదులు ఇచ్చిన పాత టీవీలు, ఫ్రిజ్‌లు ఈ దుకాణాలకే చేరుతాయి. ఏప్రిల్, మే నెలల్లో విద్యార్థులు గదులు ఖాళీ చేసేటప్పుడు రాతబల్లలు, కూలర్లు వస్తాయి. ఎండాకాలంలో కూలర్ కొనడం దండగ, వానలు పడ్డాక అడిగి చూడండి.

వేళ విషయంలో ఒక మర్యాద ఉంది. పొద్దున్నే తొలి బేరం బోణీ అవుతుంది. ధర అడిగి, గంటసేపు బేరమాడి, కొనకుండా వెళ్లిపోతే దుకాణదారుడు నొచ్చుకుంటాడు. నిజంగా కొనదలచినవారికి బోణీ వేళ కలిసి వస్తుంది, చూసిపోదామని వచ్చేవారికి పదకొండు దాటాక వెళ్లడం మంచిది. ఏమైనా చీకటి పడ్డాక మాత్రం వెళ్లకండి. ట్యూబ్‌లైటు వెలుగులో పాలిష్ మెరుస్తుందే గానీ పగులు కనబడదు.

4. దుకాణంలో మొదటి పది నిమిషాలు

లోపలికి వెళ్లగానే నచ్చిన వస్తువు దగ్గరికి నేరుగా నడవకండి. దుకాణం మొత్తం ఒకసారి తిరిగి, అదే రకం వస్తువులు ఎన్ని ఉన్నాయో చూడండి. నాలుగు ఉంటే మీకు ఎంపిక ఉంది, ఒక్కటే ఉంటే దుకాణదారుడికి బలం ఉంది.

ఆయన "ఏం కావాలి?" అని అడిగితే "అన్నా, మంచం చూద్దామని వచ్చాం" అనండి, పాతబస్తీ వైపైతే "భాయ్" అనండి. అవసరం ఎంత తొందరదో, బడ్జెట్ ఎంతో చెప్పకండి. మీరు అడగకుండానే ఆయన ధర చెబితే విని ఊరుకోండి, అప్పుడే బేరం మొదలుపెట్టకండి. మీరు ఇంకా వస్తువును తిప్పి చూడలేదు గదా, దేని ఆధారంగా తగ్గించమని అడుగుతారు?

5. పరీక్ష

5.1 కర్ర సామాను

ముందు వైపు పాలిష్ వేసి ఉంటుంది గనుక అది ఏమీ చెప్పదు. వెనుక వైపు, సొరుగుల అడుగు, మంచం పట్టీల లోపలి వైపు చూడండి. అక్కడ రంగు వేయని చోట కర్ర రేఖలు కనిపిస్తే అది కర్ర. ముక్కలు, పొట్టు అంటించి నొక్కినట్లు కనిపిస్తే అది పార్టికల్ బోర్డు, ఒకసారి తడిస్తే ఉబ్బిపోయి మళ్లీ మామూలు స్థితికి రాదు. పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్. టేకు అని చెప్పిన ప్రతిదీ టేకు కాదు. కాళ్లు మాత్రం టేకు, పైబల్ల ప్లైవుడ్ మీద పల్చటి టేకు పొర అతికించినది కావడం మామూలే. బల్ల అంచు దగ్గర రేఖలు పైనుంచి పక్కకు కొనసాగుతున్నాయో లేదో చూస్తే సంగతి తెలిసిపోతుంది.

గుండుసూది తలంత గుండ్రటి రంధ్రాలు, వాటి కింద మెత్తటి పిండి కనిపిస్తే కర్ర పుచ్చుతోందని అర్థం. పిండిని తుడిచి, వేలితో గట్టిగా తట్టండి. మళ్లీ పిండి రాలితే పురుగు బతికే ఉంది, కొనవద్దు. చెదలు కాళ్ల నుంచి పైకి పాకుతాయి గనుక ప్రతి కాలి అడుగునా దబ్బనం గుచ్చి చూడండి. గట్టి కర్రలో దబ్బనం దిగదు, లోపల గుల్లైన చోట వెన్నలో దిగినట్లు దిగుతుంది.

మంచమైతే బిగింపుల సందుల్లో టార్చి వేసి నల్లుల కోసం చూడండి. నల్లటి చిన్న చుక్కలు, పల్చటి పొట్టు కనిపిస్తే ఆ దుకాణంలో పక్కనున్న మంచాన్ని కూడా అనుమానించాలి.

5.2 ఫ్రిజ్

ఫ్రిజ్ పరీక్షకు సమయం పడుతుంది. ముందు రోజే దుకాణానికి ఫోన్ చేసి, "రేపు పదింటికి వస్తాం, పొద్దున్నే ప్లగ్ పెట్టి ఉంచండి" అని చెప్పండి. పెట్టి ఉంచితే లోపలి చల్లదనం తెలుస్తుంది. పెట్టకపోతే మీ ఎదుటే పెట్టించి, కనీసం అరగంట కూర్చోండి.

ఒకే తలుపు ఫ్రిజ్‌లో ఫ్రీజర్ గోడల మీద మంచు పొర అంతటా సమానంగా రావాలి. ఒక మూల మాత్రమే మంచు పట్టి మిగతా భాగం పొడిగా ఉంటే గ్యాస్ తక్కువైందని అనుమానించాలి. ఫ్రీజర్ గోడ మీద అతుకు ఉందేమో వేలితో తడమండి. చాలా ఇళ్లల్లో మంచు విడదీయడానికి చాకుతో పొడుస్తారు, గోడకు చిల్లు పడితే గ్యాస్ పోతుంది, మెకానిక్ అతుకు వేస్తాడు. అతుకు వేసిన ఫ్రిజ్ ఎన్నాళ్లు నడుస్తుందో మెకానిక్ కూడా చెప్పలేడు.

తలుపు రబ్బరు పరీక్ష తేలిక. పది రూపాయల నోటు తలుపు సందులో సగం ఉంచి మూసి లాగండి. కొంచెం బలం పెడితేనే రావాలి, తేలికగా జారి వస్తే రబ్బరు మార్చాలి. నాలుగు వైపులా ఇలా చూడండి. తరువాత అడుగుభాగం తుప్పు చూడండి. పైకి కొత్త రంగు వేసి ఉంటే అడుగున తప్పక చూడాలి.

నక్షత్రాల లేబుల్ మీద సంవత్సరాలు, ఏడాదికి ఖర్చయ్యే యూనిట్లు ముద్రించి ఉంటాయి. నక్షత్రాల ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినం చేస్తూ వచ్చారు గనుక పదేళ్ల నాటి ఐదు నక్షత్రాలు నేటి ఐదు నక్షత్రాలతో సమానం కావు. నక్షత్రాలను వదిలి యూనిట్ల అంకెను కొత్తదానితో పోల్చండి. ఉదాహరణకు తేడా ఏడాదికి 250 యూనిట్లు, యూనిట్ ఆరు రూపాయలు అనుకుంటే ఏడాదికి 1,500 రూపాయలు, ఐదేళ్లకు 7,500 రూపాయలు. చౌకగా వచ్చిన ఫ్రిజ్ అసలు ధరలో ఇది కూడా భాగమే.

5.3 వాషింగ్ మెషీన్

నీళ్లు పోయకుండా తిప్పి చూపిస్తే ఒప్పుకోకండి. రెండు బకెట్ల నీళ్లు పోయించి, ఉతికే దశ, నీళ్లు వదిలే దశ, పిండే దశ మూడూ చూడండి. పిండేటప్పుడు విమానం ఎగిరేంత మోత వస్తే బేరింగ్ పోయినట్లే. మెషీన్ ఆపాక డ్రమ్మును చేత్తో పైకి, కిందికి ఊపి చూడండి. కింద చెమ్మ పడిందేమో నేల చూడండి.

5.4 ఫోన్

ఫోన్ విషయంలో రెండు వేరు వేరు ప్రశ్నలున్నాయి. అది పనిచేస్తుందా అన్నది మొదటిది, అది దొంగిలించినది కాదు గదా అన్నది రెండోది. అందరూ మొదటిదే చూస్తారు, చిక్కు తెచ్చేది రెండోది.

*#06# నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ, అంటే ఆ ఫోన్ గుర్తింపు సంఖ్య, కనిపిస్తుంది. అది పెట్టె మీద, బిల్లు మీద ఉన్నదానితో సరిపోవాలి. ఆ సంఖ్యకు ముందు కేవైఎం అనే ఆంగ్ల అక్షరాలు, ఖాళీ పెట్టి 14422కు ఎస్‌ఎంఎస్ పంపితే ఫోన్ స్థితి తెలుస్తుంది. కేంద్ర టెలికాం శాఖ 2023 మేలో ప్రారంభించిన సంచార్ సాథీ పోర్టల్‌లో కూడా చూడవచ్చు. బ్లాక్ అయినట్లు, నకిలీ సంఖ్య అని గానీ వస్తే ఫోన్ బల్ల మీద పెట్టి నడిచి వచ్చేయండి. దొంగ సొత్తు అని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ నిజాయితీ లేకుండా తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. సగం ధరకు, పెట్టె లేకుండా, బిల్లు లేకుండా వచ్చిన కొత్త మోడల్ ఫోన్ ఎందుకంత చౌకో మీరే ఆలోచించుకోవచ్చు.

తరువాత మీ ఎదుటే ఫోన్‌ను పూర్తిగా రీసెట్ చేయించండి. తెరిచాక పాత యజమాని గూగుల్ ఖాతా లేదా యాపిల్ ఖాతా అడిగితే అది తీసేవరకూ డబ్బు ఇవ్వకండి. ఆ తరువాత పనితీరు పరీక్ష:

- మీ సిమ్ వేసి ఒక కాల్ చేయండి, అవతలివారికి మీ మాట వినబడుతోందా అడగండి
- ఛార్జర్ పెట్టి, తీగ కదిపినా ఛార్జింగ్ ఆగకుండా ఉందా చూడండి
- ముందు, వెనుక కెమెరాలు, ఇయర్‌ఫోన్, వేలిముద్ర చూడండి
- కీబోర్డు తెరిచి ప్రతి అక్షరం నొక్కండి, స్క్రీన్‌లో స్పర్శ పోయిన చోటు దొరుకుతుంది
- ఫోన్‌ను బల్ల మీద పడుకోబెట్టండి, వీపు ఉబ్బి అటూ ఇటూ ఊగితే బ్యాటరీ వాచినట్లే

5.5 ఇత్తడి, కంచు

ఇత్తడి, రాగి, కంచు అయస్కాంతానికి అంటవు. అంటితే ఇనుముకు పూత వేసినది. బిందె, గంగాళం నీళ్లు నింపి పది నిమిషాలు ఉంచి చిల్లు చూడండి. వంటకు వాడదలిస్తే లోపల కళాయి (తగరపు పూత) ఉండాలి, లేకపోతే పులుపు వండకూడదు. కళాయి వేయించే ఖర్చు ముందే కలుపుకోండి. తూకానికి అమ్మేచోట కాటా సున్నా చూపుతోందో లేదో పాత్ర పెట్టక ముందు చూడాలి.

5.6 పుస్తకాలు

అట్ట చూసి కొనేవారు ఇంటికి వెళ్లాక బాధపడతారు. పుస్తకాలను ఎనిమిదో పదహారో పేజీల ఫారాలుగా కుడతారు గనుక ఒక ఫారం మొత్తం తప్పిపోవడం లేదా రెండుసార్లు రావడం జరుగుతుంది. పేజీ సంఖ్యలు పదహారు, ముప్ఫై రెండు, నలభై ఎనిమిది దగ్గర వరుస తప్పలేదని చూడండి. పోటీ పరీక్షల పుస్తకాలైతే ముద్రణ సంవత్సరం ముఖ్యం. 2022 ఏప్రిల్‌కు ముందు పుస్తకంలో ఆంధ్రప్రదేశ్‌కు 13 జిల్లాలే ఉంటాయి. 2024 జూలై 1 నుంచి కొత్త నేర చట్టాలు అమలులోకి వచ్చాయి గనుక పాత నేర చట్టాల పుస్తకాలు కొనడం వృథా.

6. ధర, బేరం

ఇప్పుడు ధర అడగండి. ప్రతి పాత వస్తువుకు ఒక కింది హద్దు, ఒక పై హద్దు ఉంటాయి. గుజరీలో, అంటే పాత ఇనుము కొనే అంగడిలో, తూకానికి వేస్తే వచ్చే సొమ్ము కింది హద్దు. కొత్తది నేడు దొరికే ధరలో మరమ్మతు ఖర్చు, బండి కిరాయి, వారంటీ లేకపోవడం తీసేస్తే మిగిలేది పై హద్దు. మీ మాట ఈ రెండింటి మధ్య ఉండాలి.

"తగ్గించండి" అని ఊరికే అనడం కంటే లోపాన్ని చూపి మాట్లాడడం మర్యాదగానూ, ఫలవంతంగానూ ఉంటుంది. "రబ్బరు మార్చాలి, దానికి ఇంత అవుతుంది, అది తీసేసి చెప్పండి" అంటే దుకాణదారుడు లెక్క వేస్తాడు. లేని లోపాలు చెప్పకండి, ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాడికి అవి లేవని మీకంటే బాగా తెలుసు. ధర దగ్గర ఆగిపోతే కొసరు అడగండి. బండి కిరాయి, మెట్లు ఎక్కించే కూలి, కొత్త ప్లగ్, రెండో తాళంచెవి వంటివి ఆయన తేలికగా ఇస్తాడు. బీరువాకైతే తలుపు తాళం, లాకర్ తాళం రెండూ తెరిచి మూసి చూశాకే కొసరు మాట ఎత్తండి.

7. మీ పాత వస్తువు ఇచ్చి మార్చుకోవడం

ఇక్కడే ఎక్కువమంది తికమక పడతారు. ఒక దుకాణంలో బల్ల 8,000 అని, మీ పాత బల్లకు 3,000 ఇస్తామని, 5,000 కట్టమన్నారనుకోండి. ఇంకో దుకాణంలో అలాంటి బల్లే 5,500 అని, మీ బల్లకు 1,000 మాత్రమే అన్నారు. మొదటిది ఉదారంగా వినిపిస్తుంది, కానీ రెండో చోట మీ జేబు నుంచి పోయేది 4,500 మాత్రమే. అందుకని వరుస ఇలా పెట్టుకోండి.

1. పాతది ఇస్తామని చెప్పకుండా, నగదుకు బల్ల ధర తేల్చుకోండి.
2. ఆ తరువాత పాత వస్తువు మాట ఎత్తి, దానికి విడిగా ధర అడగండి.
3. అదే పాత వస్తువుకు మరో రెండు చోట్ల ధర అడిగి చూడండి.
4. చివరకు చేతినుంచి పోయే సొమ్మునే పోల్చండి.

అమ్మే వస్తువును తుడిచి తీసుకెళ్లండి, అయితే పెద్ద మరమ్మతులు చేయించకండి. ఆ ఖర్చు తిరిగి రాదు. ఫోన్, కంప్యూటర్ అమ్మేవారు ఫోటోలు వేరే చోట దాచుకుని, ఖాతాల నుంచి బయటికి వచ్చి, ఆపైనే రీసెట్ చేయాలి. సిమ్, మెమొరీ కార్డు తీయడం మరచిపోకండి. కంప్యూటర్‌లో ఫైళ్లు డిలీట్ చేసినంత మాత్రాన పోవు, బ్యాంకు కాగితాలు ఉన్న హార్డ్ డిస్క్ అయితే అది తీసి మీ దగ్గరే ఉంచుకుని మిగతాది అమ్మడం నయం. పాత ఫోన్ అమ్మేటప్పుడు దుకాణదారుడి నుంచి తేదీతో రసీదు తీసుకోండి. తరువాత ఆ ఫోన్ ఎవరి చేతిలోకి వెళ్లినా మీకు చుట్టుకోకుండా అది కాపాడుతుంది.

8. రసీదు

"గ్యారంటీ ఉంది, ఏమైనా అయితే తీసుకురండి" అన్న మాటకు కాగితం లేకపోతే విలువ లేదు. చిన్న కాగితం మీదైనా ఇవి రాయించుకోండి:

- తేదీ, దుకాణం పేరు, ముద్ర
- వస్తువు, కంపెనీ, మోడల్, సీరియల్ సంఖ్య లేదా ఐఎంఈఐ
- చెల్లించిన మొత్తం
- ఎన్ని రోజుల గ్యారంటీ, దేనికి వర్తిస్తుంది
- మరమ్మతుకు తిరిగి తేవలసి వస్తే బండి కిరాయి ఎవరిది
- వాపసా, మార్పిడా

యూపీఐలో చెల్లిస్తే చెల్లింపుకు ఆధారం ఉంటుంది. రాసి ఇచ్చిన మాట దుకాణదారుడు తప్పితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేయవచ్చు.

9. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే దారి

ఫ్రిజ్‌ను పడుకోబెట్టి తెచ్చారు: వెంటనే ప్లగ్ పెట్టకండి. నిలబెట్టి కొన్ని గంటలు, వీలైతే రాత్రంతా ఉంచి, ఆ తరువాతే ప్లగ్ పెట్టండి. ఈ పొరపాటుకే చాలామంది దుకాణదారుడితో గొడవ పడతారు.

అడ్వాన్స్ ఇచ్చి మరుసటి రోజు తెచ్చుకున్నారు, వచ్చింది వేరే ముక్క: అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే సీరియల్ సంఖ్య ఫోటో తీసుకోండి. కర్ర సామానైతే కనబడని మూల పెన్సిల్‌తో చిన్న గుర్తు పెట్టండి.

మంచం కిర్రుమంటోంది: చాలాసార్లు ఇది లోపం కాదు, విప్పి బిగించడంలో స్క్రూలు వదులైనవి. బిగింపులో పలచటి రబ్బరు ముక్క పెట్టి బిగించండి.

తెచ్చిన వారానికి కర్రలో పిండి కనిపించింది: మిగతా సామానుకు దూరంగా జరిపి, రంధ్రాల్లో సిరంజితో కర్ర పురుగు మందు ఎక్కించి, పాలిథీన్‌తో కొన్ని రోజులు చుట్టి ఉంచండి. పిండి మళ్లీ వస్తే వదిలించుకోండి.

10. ఇంటికి తెచ్చిన మొదటి వారం

కర్ర సామానును గదిలోకి నేరుగా తేకుండా వసారాలోనో మేడ మీదో ఒక రోజు ఉంచి, సందులన్నీ బ్రష్‌తో తుడవండి. ఇనుప మంచమైతే సందుల్లో మరిగే నీళ్లు పోయవచ్చు, కర్రకు ఆ పని చేయకండి. కరెంటు వస్తువు పెట్టగానే మెటల్ భాగం మీద టెస్టర్ పెట్టి చూడండి. టెస్టర్ వెలిగితే ప్లగ్ తీసి, ఎర్త్ సంగతి ఎలక్ట్రీషియన్‌కు చూపించాకే మళ్లీ పెట్టండి. గ్యారంటీ ఏడు రోజులైతే ఆ ఏడు రోజులూ ఫ్రిజ్‌ను నింపి, మెషీన్‌లో రోజూ బట్టలు వేసి, ఫోన్‌లో పెద్ద కాల్స్ మాట్లాడి వాడండి. ఏదైనా తేడా కనిపిస్తే వీడియో తీసి, అదే రోజు దుకాణానికి పంపండి. ఎనిమిదో రోజు వెళితే ఎవరైనా ఆ కాగితంలోని తేదీనే చూపిస్తారు.